కొడవలూరులో మధ్యాహ్నం రెండింటిదాకా

కణాలను ఢీకొట్టి చూసే పెద్ద భౌతికశాస్త్ర ప్రయోగం ఒకటుంది. అందులోంచి వచ్చే సమాచారాన్ని దాచడానికీ లెక్కలు కట్టడానికీ ఏ ఒక్కచోటూ చాలదు. అందుకే ప్రాంతానికొక కంప్యూటర్ కేంద్రం పెట్టి పనిని పంచుతారు. మన ప్రాంతపు కేంద్రానికి చివరికి రెండు కాలేజీలు మిగిలాయి. ఒకటి చూసి రమ్మని నన్నూ, రెండోదానికి మా ఆఫీసులో ఇంకొకతన్నీ పంపారు. నాకు పడింది కొడవలూరు దగ్గరి కాలేజీ. భౌతికశాస్త్రం నాకు పదో తరగతిలోనే దండం పెట్టి వెళ్ళిపోయింది. కంప్యూటర్లకు కరెంటు సరిగా అందుతుందా లేదా చూడటమే నా పని.

హైదరాబాదులో సాయంత్రం రైలెక్కి, ఉదయం ఆరున్నరకు నెల్లూరులో దిగాను. అరవై రూపాయలకు కారం దోశ తిని, కళ్ళు తుడుచుకుని, మస్తానన్న ఆటోను రోజంతటికీ పన్నెండు వందలకు మాట్లాడుకున్నాను. పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా హైవే పట్టుకుని, తర్వాత సముద్రం వైపు తిరిగితే మొత్తం గంట ప్రయాణం. దారికి రెండు పక్కలా వరి నాట్లు పడుతున్నాయి. మస్తానన్నకూ అక్కడే రెండెకరాలున్నాయట.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఎస్తేరు గారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. ఈ కేంద్రం కోసం మూడేళ్ళుగా దరఖాస్తులు పెడుతున్నది ఆమే. పాత కంప్యూటర్లు పదింటిని ఒకదానికొకటి కలిపి పిల్లలకు నేర్పుతున్నారు. పెద్ద లెక్కయితే దూరంగా ఉన్న సంస్థకు పంపి వారాల తరబడి కాచుకోవాలి. ఈలోగా చదువే మానుకున్న పిల్లలున్నారని చెప్పారామె.

పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మీటరు పెట్టి చూశాను. వోల్టేజి, ఉండాల్సిన రెండువందల ముప్ఫై దగ్గరే బుద్ధిమంతుడిలా కూర్చుంది. ఫారంలో అన్ని గళ్ళలోనూ టిక్కు పెట్టేసి, ఒంటిగంటకు బయల్దేరదామని బ్యాగు సర్దుకున్నాను. ఎస్తేరు గారు క్యారేజీ విప్పి బొమ్మిడాయ చేపల పులుసు వడ్డించారు.

"సార్, రెండు దాకా ఉండండి," అన్నారు నా మొహంలోకి చూడకుండా.

"ఎందుకండీ? అంతా బాగుందిగా."

"రెండుకు పొలాల మోటార్లకు త్రీఫేజు కరెంటు ఇస్తారు. మాకూ వాళ్ళకూ లైను ఒకటే. ఇక్కడ అందరూ మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించినారు. కరెంటు రాంగానే అన్నీ ఒక్కసారే తిరుగుతాయి."

"నాదీ ఒకటుండాది సార్ అందులో," అన్నాడు మస్తానన్న, ముద్ద కలుపుకుంటూ. "పొలానికి పోయి స్విచ్చేసే పని ల్యా."

సరిగ్గా రెండయింది. ఫ్యాను నీరసపడింది. మీటరు నూట అరవై ఎనిమిదికి జారింది. పది కంప్యూటర్లలో మూడు ఆరిపోయాయి. నాకు ఒళ్ళు మండింది, కరెంటు మీద కాదు, ఒంటిగంటకే లేవబోయిన నా మీద.

"మేడమ్ నోటికాడి ముద్ద నేలపాలు చేసుకునె," అని గొణిగాడు మస్తానన్న.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగదండీ," అన్నాను ఆమెతో.

"మీకు తెలియదు. రేపు యాడనో ఇంకో ఊర్లో ఒక పిల్ల మమ్మల్ని నమ్ముకోని లెక్క కోసరం కూచోనుంటాది. మా పిల్లోళ్ళు కూచున్నట్టే," అన్నారామె.

ఫారంలో వోల్టేజి గడిలో పెట్టిన టిక్కును చెరిపేసి, ఉన్నదున్నట్టు రాశాను. తిరుగు రైలు సాయంత్రానిది కాబట్టి సరిపోయింది. మీరూ ఇలా ఏదైనా స్థలం చూడటానికి వెళ్తే ఒక్క సలహా: పొలాలకు కరెంటు ఇచ్చే వేళ అడిగి తెలుసుకుని, ఆ వేళకు అక్కడ ఉండండి. పని పంచుకోవడమంటే యంత్రాలను తీగలతో కలపడమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తన లోటు తానే చెప్పే మనిషి ప్రతి కొసనా ఉండాలని ఇప్పుడు అనిపిస్తోంది.

నెల తర్వాత కేంద్రం రెండో కాలేజీకి వెళ్ళింది. ఆ మాట ఇంకెవరో చెప్పడం ఇష్టంలేక నేనే ఫోన్ చేశాను.

"ఆడ మధ్యాహ్నం రెండు దాకా ఎవరన్నా ఉన్నారా సార్?" అని అడిగారు ఎస్తేరు గారు.

ఆ కాలేజీ చూడటానికి వెళ్ళిన మా ఆఫీసతను పదకొండుకే పని ముగించుకుని బయల్దేరాడు. సోమవారం నేను మీటరు పట్టుకుని ఆ కాలేజీకి వెళ్తున్నాను.