పాలరాయి మీద ఒక అక్షరం తక్కువ

మా చిన్నప్పుడు లాలాగూడలో ఇంటి ముందున్న రేకుల షెడ్డే నాన్న దుకాణం... పొద్దున లేస్తే ఉలి చప్పుడు. పాలరాళ్ల మీద ఇంటిపేర్లు, ప్రారంభోత్సవ ఫలకాలు చెక్కేవాడు. తెలుగు, ఉర్దూ బాగా వచ్చు. ఇంగ్లీషు మాత్రం చదవలేడు. గీసిచ్చిన అక్షరాలను గీత తప్పకుండా చెక్కేవాడు.

మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వరసగా తెరుస్తున్న రోజులవి. వాటి ఫలకాల పనంతా కంప్యూటర్ మిషన్లున్న దుకాణాలకే పోయేది. చాన్నాళ్లకి ఒక కంపెనీ వాళ్లు చేతిపని కావాలని నాన్నను వెతుక్కుంటూ వచ్చారు. పేర్లు కాగితం మీద రాసిచ్చి, మిగతా ఇంగ్లీషు మాటలు అన్ని ఫలకాల మీదా మామూలుగా ఉండేవే అన్నారు. ఆదివారం ప్రారంభం.

"నువ్వు ఇంగ్లీష్ మీడియం కదా బిడ్డా, జెర రాసియ్యి" అని నాన్న నా చేతికి పెన్సిల్ ఇచ్చాడు. ఆరో తరగతి నేను... గొప్పగా రాయి మీదే రాసేశాను.

మంగళవారం బడిలో మెట్ల దగ్గరి ఫలకం ఎందుకో చదివాను. 'ఇనాగరేటెడ్' అనే మాటలో 'యు' రెండుసార్లుంది. నేను ఒక్కసారే రాశాను...

ఆ తర్వాత ఏ పీరియడ్‌లో ఏం చెప్పారో తెలీదు. నాన్న ఆ మాట దాకా రాకూడదని మొక్కుకుంటూ ఇంటికి పరుగెత్తాను. అప్పటికే ఆ వరుస దాటి కింది పేరు చెక్కుతున్నాడు.

"గట్ల నిలబడ్డవేంది బిడ్డా?"

"ఏం లేదు నాన్నా."

అన్నం సహించలేదు. అమ్మ నుదురు పట్టి చూసింది. మర్నాడు బడికి బయల్దేరి, గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చాను.

"నాన్నా... నేను తప్పు రాసిన. ఒక అక్షరం పోయింది."

సుత్తి ఆగింది. "ఏడ?"

చూపించాను. ఆ వరుసను వేలితో తడిమి, రాయి అంచు పట్టి మందం చూశాడు. తిడితే బాగుండు అనిపించింది...

"ఎన్కవైపు సాఫ్ చేద్దాం, పట్టు" అని అమ్మను పిలిచాడు.

ఆ రోజంతా ఇద్దరూ రాయిని తిరగేసి, గరుకుగా ఉన్న వెనకవైపును నీళ్లు పోస్తూ అరగదీశారు. అమ్మ వేళ్లు నానిపోయి తెల్లబడ్డాయి. సాయంత్రానికి రాయి నున్నగా తేలింది. నాన్న పెన్సిల్ మళ్లీ నాకే ఇచ్చాడు.

"నాతోని కాదు నాన్నా. వేరేవాళ్లతో రాపియ్యి."

"నువ్వే రాయి. ఈసారి డిక్షనరీ పక్కన పెట్టుకో."

ఒక్కో అక్షరం మూడేసిసార్లు చూసుకుని రాశాను. శనివారం కంపెనీ వాళ్లొచ్చి చదివి, బాగుందని తీసుకెళ్లారు. వాళ్ల ఆటో ట్రాలీ మలుపు తిరిగేదాకా నాకు ఊపిరాడలేదు.

ఇప్పుడు ఫలకాలన్నీ మిషన్లే చెక్కుతున్నాయి. తప్పుంటే తెర మీదే దిద్దేస్తారు... మంచిదే. కానీ అంత పని పాడుచేసిన పిల్లనే మళ్లీ నమ్మి కూర్చోబెట్టే తీరిక ఎవరికుంది? మిమ్మల్ని అలా రెండోసారి నమ్మినవాళ్లెవరు... చెప్పరూ.