పేర్లు లేని డబ్బాలు

పాతికేళ్ళుగా నందిగామలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. "రీకన్‌స్ట్రక్ట్" అనే క్రియ పాఠంలో తగిలిందంటే నాకు హుషారు. మళ్ళీ కట్టడం అని చెప్పి ఊరుకుంటే అది సగం అర్థమే. కూలిన గోడ స్థానంలో మనకి నచ్చిన గోడ లేపుకోవడానికి వేరే మాటలున్నాయి. ఇది అలా కాదు. ఇంతకు ముందు అక్కడ ఏముందో తెలుసుకుని, దాన్ని తిరిగి నిలబెట్టడం. బండి మీద నుంచి పడి నుజ్జయిన మోకాలిని డాక్టరు కూర్చి నిలబెట్టినా ఈ మాటే వాడతారు. దొంగతనం ఎలా జరిగిందో పోలీసులు ఆనవాళ్ళని బట్టి కూడదీసుకొచ్చినా ఈ మాటే. ఇదంతా బల్ల గుద్ది చెప్పగలను, చెబుతాను కూడా.

ఈమధ్య ఆ పాఠం వచ్చినప్పుడు మా కొట్టునే ఉదాహరణగా తీసుకున్నాను. మేము మా కొట్టుని రీకన్‌స్ట్రక్ట్ చేశామని బోర్డు మీద ఇంగ్లీషులో ఇంత పెద్ద వాక్యం రాసి, కింద గీత కూడా గీశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"మేడం, పాత కొట్టు ఎట్లా ఉండేదో మీకు మొత్తం గుర్తుందాండి?"

"పుట్టి పెరిగిన కొట్టమ్మా. గుర్తుండదా?" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. నేను పాఠం ముందుకి నడిపించాను.

ఆ కొట్టు జగ్గయ్యపేటలో ఉంది. పచారీ కొట్టు. నాన్న పోయాక అమ్మే నడిపింది. సొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు, వాము, ఇంగువ, సాంబ్రాణి, ఒకటని కాదు, గోడల నిండా రేకు డబ్బాలే. వాటిలో ఒక్కదాని మీద కూడా పేరు ఉండేది కాదు. అది మా ఇంటి పద్ధతి. పేరు రాసుకుంటే చెయ్యి బద్ధకిస్తుందనేది అమ్మ. ఎవరైనా వచ్చి అడగడమే ఆలస్యం, వాళ్ళతో మాట్లాడుతూనే, ముఖం తిప్పకుండా చెయ్యి చాపి డబ్బా అందుకునేది.

పోయిన వానాకాలంలో పెంకుల కప్పు ఒక పక్కకి కుంగింది. తమ్ముడూ నేనూ కలిసి పాతది పడగొట్టించి, స్లాబు వేయించాం. పైకప్పు దాకా ఇనప అరలు, తెల్లటి లైట్లు, కొత్త ప్లాస్టిక్ డబ్బాలు. సర్దే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కాలేజీకి సెలవు పెట్టి మరీ వచ్చి నేనే సర్దాను. ప్రతి డబ్బాకీ బొటనవేలంత అక్షరాలతో చీటీ అంటించి, అకారాది క్రమంలో పేర్చాను. ఆవాలు, ఇంగువ, కరక్కాయ, జీలకర్ర... టీచరు సర్దిన కొట్టు నిఘంటువులా కాక ఇంకెలా ఉంటుంది? వీధిలో నిలబడి చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

అమ్మ నాలుగు రోజులు వచ్చి మానేసింది. మోకాళ్ళ నొప్పులంది. తర్వాత, "మీరే చూసుకోండి, నాకు ఓపిక లేదు" అంది. రోజంతా వసారాలో కుర్చీ వేసుకుని వీధి వైపు తిరిగి కూర్చునేది. కంచంలో సగం అన్నం వదిలేసేది. నలభై ఏళ్ళకి పైగా కొట్లో కూర్చున్న మనిషి ఇలా అయిపోతే ఎన్నాళ్ళు నిలుస్తుందని తమ్ముడికి బెంగ. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పాతది కూలగొట్టామని అలిగిందనుకున్నాను. అంత శ్రమపడితే బాగుందని ఒక్క మాటైనా అనలేదేమని నా ఉక్రోషం.

ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కొట్లో కూర్చోబెట్టాను. కాసేపటికి వత్సవాయి నుంచి ఒకావిడ వచ్చింది.

"మామ్మగారండీ, మా అమ్మాయికి పురుడొచ్చిందండి. కాయం దినుసులు కట్టివ్వండి."

కాయం అంటే బాలింతలకి దంచి, బెల్లంతో కలిపి తినిపించే మందు. అమ్మ చెయ్యి అలవాటు కొద్దీ కుడి పక్కకి వెళ్ళింది. అక్కడ గోడ తగిలింది. లేచి అరల దగ్గరకెళ్ళి ఒక డబ్బా మూత తీసి వాసన చూసింది, పెట్టేసింది. ఇంకోటి తీసింది. నాలుగో డబ్బా ముక్కు దగ్గరకి పోయేసరికి నేను ఆగలేకపోయాను.

"పేరు రాసుందిగా అమ్మా! అంతంత అక్షరాలు కనపడట్లా?"

వచ్చినావిడ ముందే అన్నాను. అమ్మ మూత బిగించి, అర అంచు తడుముకుని డబ్బా పెట్టింది.

"కనపడట్లేదే" అంది.

మూడేళ్ళయిందట. మనిషి ఆకారం తెలుస్తుంది గానీ అక్షరం తెలియదట. "పాత కొట్లో నాకు కళ్ళతో పనేముంది? చెప్తే ఇంట్లో కూర్చోబెడతారని చెప్పలా" అంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆవిడకి దినుసులు నేనే కట్టాను, చీటీలు చూసి. మోడి, అంటే పిప్పలి వేరు, ఎంత వెయ్యాలో అమ్మనే అడిగాను.

విజయవాడలో డాక్టరు చూసి నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడు. ఉన్న చూపు నిలబెట్టుకోవడానికి రోజూ చుక్కలు వెయ్యాలన్నాడు. పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు. తిరిగొచ్చే బస్సులో అమ్మ నిద్రపోయింది. నేను ఏడ్చాను.

మర్నాడు క్లాసులో, బోర్డు మీద నేను రాసిన వాక్యం అబద్ధమని పిల్లలకి చెప్పాను. ఉన్నదాన్ని తీసేసి నాకు నచ్చింది కట్టుకున్నాను, దానికి ఆ క్రియ వాడకూడదన్నాను. మొన్న ప్రశ్న అడిగిన అమ్మాయిని లేపి, నాకు పాత కొట్టు గుర్తు లేదని కూడా చెప్పాను. నిజంగానే లేదు. ఎంత గుర్తు చేసుకున్నా గల్లాపెట్టె, దాని పక్కన రెండు వరసలు, అంతే.

తెలిసింది అమ్మ చేతులకే. తర్వాత వచ్చిన ఆదివారం తమ్ముడూ నేనూ అరలన్నీ ఖాళీ చేశాం. పై అరలు ఊడదీసి, అమ్మ కూర్చుంటే అందేంత ఎత్తులో చుట్టూ కొయ్య అరలు బిగించాం. ప్లాస్టిక్‌వి పక్కన పెట్టేసి, ఇంట్లో అటకెక్కించిన పాత రేకు డబ్బాలు దింపి తెచ్చాం. అమ్మ మధ్యలో పీట మీద కూర్చుంది.

"కుడి చెయ్యి చాపితే సొంఠి. దాని కిందే పిప్పళ్ళు, మోడి, వాము. కానుపుకి ఈ నాలుగూ కలిపే అడుగుతారు. ఎడమ పక్క ఆవాలు, మెంతులు, ఇంగువ. వేసవిలో పచ్చళ్ళకి అన్నీ ఒక్క చేతికి రావాలి."

తమ్ముడు అందిస్తున్నాడు, నేను పెడుతున్నాను. ఒక వేలెడు అటూ ఇటూ అయినా ఒప్పుకోలేదు. చెయ్యి చాపి, తగలకపోతే, "జరుపు" అనేది. సాయంత్రానికి అన్నీ సర్దుకున్నాయి గానీ ఎడమ పక్క మోచేతి ఎత్తులో ఒక మూరెడు జాగా మిగిలింది. అక్కడ సాంబ్రాణి పెట్టబోయాను.

"అక్కడొద్దు" అంది అమ్మ.

"ఖాళీగా ఉందిగా?"

"అక్కడ నువ్వు కూర్చునేదానివి. పలక పట్టుకుని. డబ్బా తీస్తుంటే నీ తలకి తగులుద్దని అక్కడేం పెట్టేదాన్ని కాదు."

నాకది బొత్తిగా గుర్తు లేదు. ఆ జాగా అలాగే ఉంచాం.

పై ఆదివారం నేను వెళ్ళేసరికి కొట్టు ముందు ముగ్గురున్నారు. అమ్మ వాళ్ళతో కబుర్లు చెబుతూ, తల తిప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి డబ్బాలు తీస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"చూస్తా నిలబడ్డావేంటే? వచ్చి పొట్లాలు కట్టు" అంది.

వెళ్ళి ఆ ఖాళీ జాగా పక్కనే కూర్చుని మొదటి పొట్లం కట్టి ఇచ్చాను. అమ్మ దాన్ని వేళ్ళతో ఒకసారి తడిమి చూసి, వదులుగా ఉందని విప్పించి, మళ్ళీ కట్టించింది.