మైకు టెస్టింగులో పాడిన పాట

మొన్న ఆదివారం సూర్యాపేటలో మా మేనకోడలి బ్యాండు ప్రోగ్రాం జరిగింది. ఆరింటికి మొదలంటే నేను నాలుగింటికే వెళ్ళి, దొంతిలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ నేనే లాక్కుని, ఖాళీ వేదిక ముందు కూర్చున్నాను. ఎందుకంత తొందర అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను గానీ ఎవరూ అడగలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఒకాయన మైకు మైకు దగ్గరికీ వెళ్ళి "చెక్, చెక్" అన్నాడు, డ్రమ్ముల మీద నాలుగు దెబ్బలు వేయించాడు, ల్యాప్‌టాప్‌లో ఏవో గీతలు పైకీ కిందికీ జరిపి, అయిపోయిందన్నట్టు బొటనవేలు చూపించాడు. పది నిమిషాల్లో మైకు టెస్టింగు ముగిసింది, ఎవరూ ఒక్క ముక్క పాడలేదు. నేనైతే నా జన్మలో వాయించిన మంచి వాయింపంతా మైకు టెస్టింగులోనే వాయించాను.

మన ఈడు వాళ్ళకైతే ఇది అర్థమవుతుంది గానీ, కొంచెం వెనక నుంచి చెప్పుకురావాలి. మా అక్క పెళ్ళి సూర్యాపేటలో మా ఇంటి ముందే పందిరి వేసి చేశాం. మైకుసెట్టు కోదాడ నుంచి తెప్పించాం. భోజనాలప్పుడు క్యాసెట్టు చిక్కుపడి పాటలు ఆగిపోతే, మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మా కొత్త బావ, నుదుట బాసికం అట్లాగే ఉండగా, పీటల మీది నుంచి లేచి వెళ్ళి మైకు అందుకున్నాడు. పెళ్ళికొడుకు పాడటమేమిటని పెద్దలు నోళ్ళు నొక్కుకున్నారు. పాట మొదలయ్యాక మాత్రం వడ్డించే వాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. మైకుసెట్టు తెచ్చిన కోదాడాయన మా ఇద్దరి వయసు వాడే, అన్నం డ్రమ్ము మీద చేత్తో దరువు వేశాడు. నేను లోపలికి పరుగెత్తి, అప్పటికి మూడు తీగలే మిగిలిన నా గిటారు తెచ్చుకున్నాను. మా బ్యాండు ఆ పూట అట్లా, ఎవరూ పేరు పెట్టకుండానే పుట్టింది.

చివరి దాకా దానికి పేరు లేకుండానే గడిచింది, పిలిచే వాళ్ళు "కోదాడ మైకుసెట్టోళ్ళ ఆర్కెస్ట్రా" అనేవారు. పెళ్ళిళ్ళకు, కాలేజీ వేడుకలకు, గణపతి పందిళ్ళకు, క్రిస్మస్ ముందు చర్చీ ఆవరణల్లో, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఎక్కడికి వెళ్ళినా సినిమా పాటలే వాయించాలి. అందులో తప్పేమీ లేదు, జనం కోరేది అదే. కానీ బావకు సొంత పాటల పిచ్చి. మిల్లులో హమాలీలు బస్తా ఎత్తేటప్పుడు వదిలే ఊపిరి మీద, ఊక కుప్పల మీద, సాగర్ కాలువకు నీళ్ళు వదిలిన రోజు మీద పాట కట్టేవాడు. సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసేవాడు, సిగరెట్టు మాత్రం తాగేవాడు కాదు, ఆ అట్టలు మిల్లు ముందరి పాన్‌డబ్బా దగ్గర ఏరుకొచ్చేవాడు. ఒకసారి పెళ్ళివారి ముందు ఆ పాట ఒకటి ఎత్తుకుంటే, "ఇదేం పాటయ్యా, ఏ సినిమాలది?" అని అరిచి మధ్యలోనే ఆపించారు.

అప్పుడు ఉపాయం చెప్పింది కోదాడ మిత్రుడే. వాళ్ళది కృష్ణా జిల్లా గాలి సోకిన మాట, "టెస్టింగులో పాడేద్దామండీ, మైకు మనదే కదా, ఎవరు ఆపుతారు?" అన్నాడు. ఇక అదే మా ఆచారమైపోయింది. జనం రాకముందు, షామియానా వాళ్ళు గుంజలు బిగించేటప్పుడు, ఐదింటి ఎండలో ఖాళీ జంపఖానాల ముందు మా సొంత పాటలన్నీ వాయించుకునేవాళ్ళం. వంటవాళ్ళు వినేవాళ్ళు, ముందే వచ్చి చోటు పట్టుకున్న ముసలమ్మలు వినేవాళ్ళు. కొన్నాళ్ళకు మిర్యాలగూడలో మిల్లు పని దిగిన వాళ్ళు కొందరు, ప్రోగ్రాం చూడరు గానీ, టెస్టింగుకు మాత్రం వచ్చి నిలబడేవాళ్ళు. మా మేనకోడలు ఇప్పుడు తమది ఇండీ బ్యాండు అంటుంది, అంటే ఏమిటమ్మా అంటే తమ పాటలు తామే కట్టుకుని పాడుకోవడమని చెప్పింది. ఆ లెక్కన మేమూ అదే, కాకపోతే పూటకు అరగంట సేపే.

బస్సు పైన డ్రమ్ములు కట్టుకుని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నడుము నొప్పి గుర్తొస్తుంది. గిటారును మాత్రం ఒళ్ళోనే పెట్టుకునేవాణ్ణి. దానికి కూడా టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టరు నాతో వాదం పెట్టుకుంటే, బావ కలగజేసుకుని, అది నోరు లేని పిల్ల, హాఫ్ టికెట్ కొట్టు సారూ అని బస్సంతా నవ్వించేవాడు.

మా అక్కకు ఆడపిల్ల పుట్టాక బావ ఒక పాట కట్టాడు. పొద్దున్నే మిల్లు కూతకు వెళ్ళే తండ్రి, నిద్రపోతున్న బిడ్డకు చెప్పే మాటలు అవి.

"తలనిండ తౌడుంది, దులుపుకొని వస్తాను
అందాక లేవకే నా బంగారు తల్లీ"

ఆ పాటా, ఇంకో రెండు పాటలూ ఒక ఆదివారం మధ్యాహ్నం కోదాడలో మిత్రుడి దుకాణం వెనక గదిలో, కిటికీలకు బొంతలు కట్టి, క్యాసెట్టులో ఎక్కించాం. మూడు పాటలకూ సాయంత్రమైంది. క్యాసెట్టు అంచున ఉండే రెండు ప్లాస్టిక్ బద్దల్ని బావ స్వయంగా గోటితో విరిచేశాడు. అవి విరిచాక దాని మీద ఇంకోటి ఎక్కదు, మీకు తెలియనిది కాదు. వాళ్ళింట్లో మిల్లు దుమ్ము అని క్యాసెట్టు నా చేతికిచ్చాడు, కాపీలు తీయించే పని కూడా నాకే అప్పజెప్పాడు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఆ పని నేను చెయ్యలేదు.

తరువాతి నెలలో ఒక పెళ్ళికి కొత్త సినిమా పాట కావాలన్నారు. రేడియోలో వేస్తే విని నేర్చుకోవడమే అప్పటికి మా చదువు. శనివారం మధ్యాహ్నం శ్రోతలు కోరిన పాటల్లో వస్తుందని ఎవరో చెబితే టేప్‌రికార్డరు సిద్ధం చేసుకున్నాను, తీరా చూస్తే ఖాళీ క్యాసెట్టు లేదు. కార్యక్రమం మొదలవుతోంది. చేతికందింది బావ క్యాసెట్టు. వచ్చే ఆదివారం మళ్ళీ పాడించుకుందాంలే, బావ ఎక్కడికి పోతాడు అనుకున్నాను. ఈ మాట నేను అనుకున్నాను, నా మనసులో, ఎవరి బలవంతమూ లేకుండా. విరిచిన బద్దల చోట కాగితం మడిచి కుక్కి, ఆ పాట ఎప్పుడొస్తుందో తెలియక అరగంట కార్యక్రమం మొత్తం బావ పాటల మీదే ఎక్కించాను. అంతా అయ్యాక చూస్తే ఆ రోజు ఆ పాట రానేలేదు.

వచ్చే ఆదివారానికి బావకు జ్వరం. కళ్ళు పచ్చబడ్డాయి, కామెర్లన్నారు, ఆకుపసరు పోయించారు, తరువాత దవాఖానలో చేర్చారు, అప్పటికే ముదిరిపోయిందన్నారు. నేను వెళ్ళి మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "క్యాసెట్ పైలం బామ్మర్దీ. పిల్ల పెద్దగైనంక వినిపియ్యి" అన్నాడు. నేను తలూపాను. నాలుగో రోజున బావ పోయాడు. బిడ్డకు అప్పటికి ఏడాదిన్నర.

పదకొండో రోజున అక్క నన్ను పక్కకు పిలిచి క్యాసెట్టు ఉన్నది గదా అని అడిగింది, భద్రంగా ఉందని చెప్పాను. ఇప్పుడు వినే ధైర్యం లేదు, పిల్లతో కలిసి ఎప్పుడో వింటానన్నది. ఆ ఎప్పుడో రాకూడదని నేను ముప్పై ఏళ్ళకు పైగా కోరుకున్నాను. నిజం చెబుదామని ఎన్నోసార్లు మిర్యాలగూడ బస్సెక్కాను, అక్క పెట్టిన అన్నం తిని తిరిగొచ్చాను. కాలువల ఆఫీసులో గుమాస్తాగా ఉద్యోగం దొరికింది. గిటారు అటక మీదికెక్కింది. మిత్రుడు మైకుసెట్టు అమ్మేశాడు, ఇన్నేళ్ళ హారన్‌ల మోతకు ఇప్పుడు అతని చెవులు సరిగ్గా పనిచేయవు. మేనకోడలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పాడటం మొదలుపెట్టింది. ఆ పిల్ల గొంతు విప్పినప్పుడల్లా అందరూ అచ్చం తండ్రి పోలిక అనేవాళ్ళు, నేను లేచి బయటికి వెళ్ళేవాణ్ణి.

రెండు నెలల కింద ఆ పిల్ల ఫోన్ చేసింది. తమ బ్యాండులో నాన్న పాట పాడాలని ఉందట, ముందు నాన్న గొంతుతో నాలుగు వాక్యాలు వినిపించి ఆ తరువాత తను అందుకుంటుందట. "మామయ్యా, నాయిన గొంతు నేనెన్నడు వినలే. ఎట్లుంటదో సూడాలె" అన్నది. మరునాడు అక్కను వెంటబెట్టుకుని, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన పాత టేప్‌రికార్డరుతో మా ఇంటికి వచ్చింది. నేను క్యాసెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాను. కుక్కిన కాగితం ఇంకా అట్లాగే ఉంది. ఆ కాగితాన్ని చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

మేనకోడలు ఏడ్చింది. అక్క ఏడవలేదు. ఆ క్యాసెట్టును చేతుల్లో తిప్పి తిప్పి చూసి, "వినకున్నా ఉన్నదనుకుంట బతికిన గదరా తమ్మీ" అన్నది. అంతే, లేచి చెప్పులేసుకున్నది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. తిట్టినా బాగుండేది అని చాలాసార్లు అనిపించింది గానీ, అట్లా అనుకునే అర్హత కూడా నాకు లేదు.

వారం తరువాత మేనకోడలు ఒక్కతే వచ్చింది. గుర్తున్నంత వరకు చెప్పు మామయ్యా, మేమే కట్టుకుంటం అన్నది. గిటారు అటక మీది నుంచి దించాను, వేళ్ళకు వాయింపు గుర్తుంది. కోదాడ మిత్రుడు బల్ల మీద దరువు వేసి చూపించాడు, తనకు వినబడకపోయినా లెక్క తప్పలేదు. పల్లవీ, మొదటి చరణమూ చెప్పగలిగాను. రెండో చరణం ఎంత తన్నుకున్నా రాలేదు, బావ రాసుకున్న అట్టలు ఎప్పుడో పోయాయి, వాళ్ళమ్మ ముందు ఆ పాట ఊసెత్తే ధైర్యం ఆ పిల్లకు లేదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది, ఈ కాగితం మీద తప్ప ఎవరికీ చెప్పలేదు. బావ గొంతు నాకు గుర్తు లేదు. మాటలు గుర్తున్నాయి, నవ్వు గుర్తుంది, పాడేటప్పుడు తల ఎటు వంచేవాడో గుర్తుంది, కళ్ళు మూసుకుంటే గొంతు మాత్రం వినిపించదు.

ఇక మొన్నటి ఆదివారం. ప్రోగ్రాంలో నాలుగో పాటగా ఆ పాట పాడింది. సినిమా పాట కాదని ఎవరూ అరవలేదు, నిండిన కుర్చీల ముందు, అసలు ప్రోగ్రాంలోనే, మా బావ పాట పూర్తిగా వినబడింది. పూర్తిగా అన్నాను గానీ కాదు. రెండో చరణం దగ్గర కొత్త మాటలు రాసుకోవడానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు. అక్కడ మైకు ముందు ఊరికే నిలబడింది, వెనక వాయిద్యాలు మాత్రం చరణమంత సేపూ నడిచాయి. నాకు నాలుగు కుర్చీల అవతల మా అక్క కూర్చుని ఉంది, అనుకోకుండా అటు చూశాను. అక్క పెదవులు కదులుతున్నాయి. రెండో చరణం నాలుగు వాక్యాలూ మొదటి నుంచి చివరి దాకా, దరువుకు సరిగ్గా, శబ్దం లేకుండా పలుకుతోంది. పల్లవి మళ్ళీ రాగానే నోరు మూసుకుని కొంగు సర్దుకున్నది.

ఇవాళ ఫోన్ తీస్తే ఎవరి గొంతైనా దొరుకుతుంది, మా మనవడు తుమ్మినా నాలుగు చోట్ల దాచిపెడతారు. మా రోజుల్లో ఒక మనిషి గొంతు అరచేతిలో పట్టేంత డబ్బీలో ఒక్కచోటే ఉండేది, దాన్ని కాపాడమని ఒక మనిషికి అప్పజెప్పేవాళ్ళు. ఆ రెండో చరణం ఏమిటో మేనకోడలికి ఇంకా తెలియదు. అక్కకు తెలుసునని నాకొక్కడికే తెలుసు. చెప్పమని అక్కను అడిగే మొహం నాకు లేదు, ఆ పిల్లకు చెప్పి అడిగించే హక్కు అసలే లేదు. ఒకసారి నా చేతికిచ్చి చూశారు, ఈసారి అది అక్క దగ్గరే ఉండనీ.