పైవాటాలో అడుగులు

ఆ వీధిలో ఆమెను అగ్గిపుల్ల అనేవారు. ఆ పేరు పెట్టింది పాలవాడో, కూరల బండివాడో ఎవరికీ గుర్తు లేదు గానీ, ఎవరు పెట్టినా కొలిచి పెట్టారనే చెప్పాలి. మనిషి సన్నగా, నిటారుగా ఉండేది. ఎక్కడ గీసినా భగ్గుమనేది. పాకెట్టు తడిగా ఉందని పాలవాడి మీద, తలుపు రెండుసార్లు కొట్టాడని పోస్టుమాన్ మీద, ఒకసారి మొరిగింది చాలక మళ్లీ ఎందుకు మొరిగిందని ఎదురింటి కుక్క మీద. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. అక్కణ్నించి నోట్లోకి ఎంత దూరమని?

ఇంతటి మనిషి చేసే పని మాత్రం మహా ఓర్పున్నవాళ్లు చేసేది. దర్జీ దుకాణం నుంచి వచ్చిన చొక్కాలకు ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టేది. గుండీ దూరడానికి బట్టలో చిన్న చీలిక కోసి, పోగులు ఊడకుండా దాని అంచు చుట్టూ దగ్గరదగ్గరగా ముడికుట్లు వేయాలి. దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగి, వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని కూర్చుందంటే ఆమె కుట్టు ముందు మిషను కూడా దిగదుడుపే. దర్జీ ఆమె పనిని మెచ్చుకుంటూనే భయపడేవాడు. ఆమె కుట్టిన కాజా పదేళ్లయినా చిరగదు గానీ, ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడితే తన ప్రాణం చిరుగుతుందని ఒకసారి నోరు జారాడు. నెల రోజులు ఆ దుకాణం చొక్కాలు ముట్టుకోలేదు ఆమె.

ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆమే, ఆమె అక్కా. అక్క పన్నెండేళ్లు పెద్ద. చెల్లెలు పుట్టిన వారానికే తల్లి పోతే, పెంచే బాధ్యత ఆ పన్నెండేళ్ల పిల్ల మీద పడింది. పెళ్లి మాట ఎవరెత్తినా "దీన్నెవరు చూస్తారు" అని దాటేసి, సబ్బుల ఫ్యాక్టరీలో కాగితాలు చుడుతూ ముప్పై ఏళ్లు గడిపింది. తొమ్మిదేళ్ల కిందట ఒక పొద్దున స్టవ్ ముందు కూలబడింది. పక్షవాతం అన్నారు. రెండు కాళ్లూ పడిపోయాయి. మాట పోయింది. ఎందుకో ఒకే ఒక్క మాట మిగిలింది, "చాలు" అని. అన్నం చాలన్నా అదే, నీళ్లు చాలన్నా అదే. చెల్లెలి అరుపులు చాలన్నా అదే అయి ఉండొచ్చు.

అగ్గిపుల్ల అక్కను చూసుకోలేదని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, వీపు పుండు పడకుండా గంటగంటకూ అటూ ఇటూ ఒత్తిగిలించేది. అన్నీ చేసేది, అన్నీ సణుగుతూ చేసేది. తన బతుకు ఈ మంచం కోడుకు కట్టేశారనేది. అక్క తనకు చేసినదాన్ని గురించి ఒక్క మంచి మాట ఆ నోట రాలేదు. మనసులో లేక కాదు. ఆ మాట బయల్దేరేలోపు కోపం ముందు వెళ్లి కూర్చునేది.

వాళ్లుండేది కింది వాటా. పై వాటాకు మెట్లు వెనక వీధిలోంచి ఉండటంతో పైన ఉండేది ఎవరో ఆమె ఏనాడూ చూడలేదు. చూడకపోయినా పగ మాత్రం పెంచుకుంది. ఆ పగకు కారణం అడుగులు. రోజూ సాయంత్రం నాలుగింటికి పైన ఎవరో నడిచేవారు. ముందుగది గోడ నుంచి వెనకగది గోడ దాకా పద్నాలుగు అడుగులు, మళ్లీ వెనక్కి పద్నాలుగు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా. అక్క మంచానికి సరిగ్గా పైకి వచ్చాక కాస్త ఆగి మళ్లీ మొదలయ్యేవి. ఎవడో కుంటివాడు దాపురించాడని ఆమె లెక్క.

అక్క రోజంతటిలో ముద్ద తినేది ఆ వేళకే. పొద్దున రెండు గుక్కల పాలు, అంతే. నాలుగింటికి మాత్రం కళ్లు పైకెత్తి పిట్టపిల్లలా నోరు తెరిచేది. మందుల వేళ అలా కుదిరిందనుకుంది చెల్లెలు. చేతిలో గిన్నె ఉన్నంతసేపూ అడుగుల్ని భరించేది. తినిపించి, మూతి తుడిచి, గిన్నె కడిగి, మంచం పక్కన కూర్చుని సూది పట్టేసరికి ఓపిక అయిపోయేది. మూలనున్న బూజుకర్ర అందుకుని కప్పుకేసి మూడు పోట్లు పొడిచేది.

"ఆగుతావా లేదా? కాళ్లు విరగ్గొడతా."

అడుగులు ఠక్కున ఆగిపోయేవి. మొండికేసి ఇంకో అడుగు వేయడం గానీ, తిరిగి నేలను తన్నడం గానీ ఎన్నడూ లేదు. తొమ్మిదేళ్ల పోట్లకు కప్పు సున్నం పెచ్చులూడి అరచేతంత గుంట పడింది. ఇంత బుద్ధిగా మాట వినే శత్రువు ఎవరికైనా ఉంటాడా అని ఆమెకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. గెలిచిన సంబరంలో ఉన్నవాళ్లకు అలాంటివి తట్టవు.

ఒక వానాకాలం అక్క మంచం పైన కప్పులో తడి మచ్చ కనపడింది. పెద్దదవుతుంటే ఇల్లు అద్దెకిచ్చినాయనకి కబురు పెట్టింది. ఇంటాయన ప్లంబరును వెంటబెట్టుకుని తాళాల గుత్తితో వచ్చాడు. ఇదే సందని ఆమె పైవాళ్ల మీద తొమ్మిదేళ్లుగా దాచినదంతా వెళ్లగక్కింది. ఆయన గొడుగు మడుస్తూ అంతా విన్నాడు.

"పైవాళ్లెవరమ్మా?" అన్నాడు. "నాకూ మా తమ్ముడికీ పేచీ వచ్చి ఆ వాటాకి తాళం పడి పదిహేనేళ్లయింది. మీరు చేరేనాటికే ఖాళీ కదా."

ఆమె నమ్మలేదు. ముగ్గురూ వెనక వీధిలోంచి చుట్టి వెళ్లి మెట్లెక్కారు. తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ప్లంబరు నూనె పోసి పావుగంట తిప్పితే గానీ ఊడలేదు. లోపల మూసిన ఇంటి వాసన. నేల మీద దుమ్ము దుప్పటి పరిచినట్టు దట్టంగా ఉంది. ఎలుక తిరిగిన జాడ కూడా లేదు. పైపు చూడ్డానికి ముందు నడిచిన ప్లంబరు వెనకగది గుమ్మంలోనే ఆగిపోయాడు.

దుమ్ములో రెండు పాదాల గుర్తులు ఉన్నాయి. చెప్పుల్లేని పాదాలు, పక్కపక్కనే, ఎవరో కదలకుండా చాలాసేపు నిలబడ్డట్టు. వాటి దాకా వచ్చిన అడుగు లేదు, వాటి నుంచి పోయిన అడుగూ లేదు. కుడి పాదం చిటికెన వేలు పక్కవేలి మీదికెక్కి ఉంది. గదిని కళ్లతో కొలిచి చూసుకుంది ఆమె. కిటికీ అక్కడ, గోడ ఇక్కడ. ఆ పాదాల కింద సరిగ్గా అక్క మంచం. ఆమె బూజుకర్ర పోట్లు తొమ్మిదేళ్లుగా తగులుతున్నది ఆ అరికాళ్లకే.

ప్లంబరు ఏదో హాస్యం ఆడబోయి మధ్యలో మింగేశాడు. ఇంటాయన పావురాలు దూరి ఉంటాయన్నాడు గానీ గుమ్మం దాటలేదు.

భయం వేస్తే కొందరు వణుకుతారు, కొందరు ఏడుస్తారు. అగ్గిపుల్లకు భయం కూడా కోపంగానే వచ్చేది. ఇల్లు ఇలా పాడుపెట్టుకుంటారా అని ఇంటాయన మీద విరుచుకుపడి, కిందికి దిగి బకెట్టుతో నీళ్లు, గోనెగుడ్డ తెచ్చి, వద్దంటున్నా వినకుండా ఆ నేలంతా తుడిచేసింది. పాదాల గుర్తుల దగ్గర రెండుసార్లు గట్టిగా రుద్దింది.

ఆ సాయంత్రం నాలుగైంది. పైన చప్పుడు లేదు. గిన్నెతో కూర్చున్న ఆమె ఒక్క క్షణం హమ్మయ్య అనుకుంది. అక్క కళ్లు పైకెత్తి చూస్తూనే ఉంది. నోరు మాత్రం తెరవలేదు. చెంచా పెదవులకు తగిలించినా తెరవలేదు. నాలుగున్నర, అయిదు, ఆరు. జావ చల్లారి మీగడ కట్టింది.

రెండో రోజూ అంతే. మూడో రోజు పాలు కూడా పక్కకు కారిపోయాయి. డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, ఆస్పత్రిలో చేర్చి గొట్టం వేయొచ్చు గానీ ఈ ఒంటికి అది ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పలేనంది. ఇలా తినకపోతే వారం గడవడం కష్టమని కూడా చెప్పింది. ఆమె వెళ్లాక చెల్లెలు అక్క గడ్డం పట్టుకుని అరిచింది. "నోరు తెరువు. నన్ను చంపడానికా ఇదంతా?" చెంచా పళ్లకు తగిలి టక్కుమంది. అక్క కళ్లలో కోపం లేదు. ఎవరి కోసమో వింటున్నట్టు చూపు కప్పు మీదే ఉంది.

ఆ పూటే అక్క కాళ్లు కడుగుతుంటే కుడికాలి చిటికెన వేలు ఆమె చేతికి తగిలింది. చిన్నప్పటి నుంచీ అది అంతే, పక్కవేలి మీదికెక్కి ఉంటుంది. సబ్బు నురగలో ఆ పాదం పట్టుకుని అలాగే ఉండిపోయింది. తొమ్మిదేళ్లుగా నేలకు ఆనని పాదం అది.  ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

అయినా పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? మర్నాడు నాలుగింటికి అదే బూజుకర్రతో కప్పును పొడిచి నడవమంది. బతిమాలుతున్నానే అనుకుంది గానీ గొంతు మాత్రం గదమాయింపే. పైనుంచి సున్నం రాలి అక్క దుప్పటి మీద పడింది. మరేమీ రాలేదు.

దుప్పటి దులుపుతుంటే మేనత్త ఎప్పుడో అన్నది గుర్తొచ్చింది. "పుట్టాక ఏడు నెలలు నువ్వు నిద్రపోనిస్తేనా? మీ అక్క నిన్ను ఎడమ భుజాన వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేది. కూర్చుందంటే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేదానివి. కాళ్లు వాచిపోయినా ఒక్క దెబ్బ వేయలేదు నిన్ను."

ఎడమ భుజాన బరువు ఉన్న మనిషి నడక ఎలా ఉంటుంది? ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా.

బూజుకర్ర కింద పెట్టింది. అక్క చంకల కింద చేతులు వేసి లేపింది. ఎముకల గూడు, పదేళ్ల పిల్లంత బరువు కూడా లేదు. ఎడమ భుజాన వేసుకుని, ముందుగది గోడ దగ్గరికి వెళ్లి నడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పద్నాలుగో అడుగుకి వెనకగది గోడ వచ్చింది. తిరిగింది. మూడో విడతకే నడుం పట్టేసింది, చెమటకు కళ్లు మండాయి. నాలుక చివరికి సణుగుడు వచ్చింది. మింగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగింది. జీవితంలో ఒక పనిని నోరు మూసుకుని చేయడం ఆమెకు అదే మొదలు.

ఎన్నో విడతో తెలీదు. తన అడుగు పడ్డాక ఇంకో అడుగు వినపడింది. ఆగింది. పైన కూడా ఆగింది. నడిచింది. పైన కూడా నడిచింది, ఒకటి బరువుగా, ఒకటి తేలికగా, ఆమె నెత్తిన సరిగ్గా.  భయం వేసినా అక్కను వదల్లేదు, నడక ఆపలేదు.

"నన్ను మోశావు కదక్కా," అంది, గోడకేసి చూస్తూ. "నాకు తెలుసు. తెలిసీ ఒక్కనాడూ అనలేదు."

మెడ దగ్గర వెచ్చగా ఊపిరి తగిలింది. "చాలు," అంది అక్క. మంచం మీద పడుకోబెట్టేసరికి నోరు తెరిచి ఉంది. గిన్నెలో ఉన్నదంతా తింది. అంతసేపూ పైన ఆ నడక ఒంటరిగా సాగుతూనే ఉంది.

ఆ రోజుతో అగ్గిపుల్ల మంచుగడ్డ అయిపోయిందంటే నేను అబద్ధమాడినట్టే. కోపం అలా పోయేది కాదు. కానీ ఒకటి గమనించింది. పొద్దున ఎవరి మీదైనా నోరు పారేసుకుంటే ఆ సాయంత్రం అడుగులు ఆలస్యంగా వచ్చేవి. పాలవాణ్ని కసిరిన రోజు నాలుగుంబావుకి. దర్జీని తిట్టిన రోజు అయిదు కావొస్తుంటే. అక్క ఆకలితో కప్పుకేసి చూస్తూ ఉండేది, ఆమె గిన్నె పట్టుకుని గడియారం కేసి చూస్తూ ఉండేది. అలా నిమిషం నిమిషంగా నేర్చుకుంది. ఒకనాడు పాలవాడితో, వానలో కూడా వేళకి తెచ్చావు నాయనా అంది. వాడు బెదిరిపోయి పాకెట్టు తిరగేసి చూసుకున్నాడు, ఎక్కడ చిరిగిందోనని. దర్జీ అయితే ఒంట్లో కులాసాగా ఉందా అని రెండుసార్లు అడిగాడు. మొదట అక్క తిండి కోసమే చేసింది. ఏడాది తిరిగేసరికి ఎందుకు చేస్తోందో గుర్తు చేసుకోవాల్సిన పని లేకపోయింది.

రోజూ నాలుగింటికి ఆమె అక్కను ఎత్తుకుని నాలుగు విడతలు నడిచేది, పైన ఇంకొకరు నడిచేవారు. బూజుకర్ర మూలనే ఉండి దానికే బూజు పట్టింది. ఒక ఏడాదీ ఏడు నెలలు అలా గడిచాక, ఒక సాయంత్రం సగం గిన్నె తిని "చాలు" అని అక్క కళ్లు మూసుకుంది. చెల్లెలు ఆ పాదాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పైన అప్పటికే నిశ్శబ్దం.

వారం తర్వాత ఖాళీ మంచం పక్కన కూర్చుని చొక్కాకు కాజాలు కుడుతోంది. నాలుగైంది. పైన అడుగులు మొదలయ్యాయి. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా, వెనక గోడ దాకా పద్నాలుగు. ఆమె చేతిలో సూది ఆగింది. మోయడానికి ఇక ఎవరున్నారు పైన? ఎవరి కోసం ఈ నడక? మళ్లీ ముందు గోడ దాకా పద్నాలుగు. అప్పుడు తెలిసింది ఆమెకు, ఆ భుజాన ఇంకా ఉన్నది ఎవరో.

తల పైకెత్తి, సున్నం రాలిన గుంట కేసి చూసింది.

"చాలక్కా," అంది మెల్లగా. "ఇక ఏడవను. కాళ్లు నొప్పి పుడతాయి, కూర్చో."

అడుగులు మంచానికి సరిగ్గా పైకి వచ్చి ఆగాయి. కాసేపటికి, ఎవరో భుజం మీది బరువు జాగ్రత్తగా దించి, నిట్టూర్చి, నేల మీద చతికిలబడ్డ చప్పుడు వినిపించింది. ఆమె దారాన్ని మైనం మీద లాగి, ఆగిన కుట్టు దగ్గర మళ్లీ సూది గుచ్చింది.