ఎవరూ కూర్చోమనకుండానే

2023 డిసెంబరు. తెనాలిలో మా డిగ్రీ కాలేజీ ఇంగ్లిషు డిపార్ట్‌మెంట్ అంటే ఒక గది, మూడు బీరువాలు, చప్పుడు తప్ప గాలి ఇవ్వని ఒక ఫ్యాను. ఆ గదిలో అప్పటికి ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పీహెచ్‌డీ చేసే పిల్లలకు గైడ్‌గా కూడా ఉండేదాన్ని. గైడ్ అంటే అంశం ఎంచుకోవడం దగ్గర నుంచి చివరి సర్టిఫికెట్ మీద సంతకం దాకా వెంట ఉండే మనిషి. ఆ చివరి సంతకం పెట్టడానికి నా చెయ్యి ఆడని వారం గురించి చెబుతాను.

రిజ్వానా మా కాలేజీలోనే బీఏ చదివింది. వాళ్ల నాన్న తెనాలి బజారులో టైలరు. ఎంఏ అయ్యాక ఆ అమ్మాయి రేపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరింది. పొద్దున ప్యాసింజరులో వెళ్లి సాయంత్రం ప్యాసింజరులో తిరిగి వచ్చేది. థీసిస్‌లో సగం ఆ రైల్లోనే రాసింది.

ఆమె ఎంచుకున్న అంశం ఇంగ్లిషులో మనం మొట్టమొదట నేర్చుకునే మాటల్లో ఒకటి, సిట్. కూర్చోవడం. నవలల్లో ఆ క్రియను రచయితలు ఎలా వాడారన్నది పరిశోధన. మొదటి రోజు వినగానే నాకు నవ్వొచ్చింది.

"కూర్చోవడం మీద పీహెచ్‌డీ ఏంటమ్మాయ్? నిలబడి రాస్తావా, కూర్చుని రాస్తావా?" అన్నాను.

"నవ్వకండి మేడమ్. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో చూస్తే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోద్దండి. యజమాని కూర్చున్నాడని రచయిత ఊరికే రాసేస్తాడు. పనిమనిషి కూర్చుందని రాశాడంటే మాత్రం ఆ ఇంట్లో ఏదో జరిగినట్టే" అంది.

నవ్వడం మానేశాను. ఇన్నేళ్ల పాఠాల్లో నాకు తట్టని సంగతి అది.

ఇంగ్లిషులో ఇల్లు కొండ మీద కూర్చుంటుంది, కోర్టు కూర్చుంటుంది, కుర్రవాడు పరీక్షకు కూర్చుంటాడు. రిజ్వానా అవన్నీ పక్కనపెట్టి, మనుషులు మనుషుల ఎదుట కూర్చునే వాక్యాలే ఏరింది. ఇలా ఏరి కూర్చిన వాక్యాల పోగును మా వాళ్లు కార్పస్ అంటారు. కూర్చోమంటే కూర్చున్నవాళ్లు, ఎవరూ అనకుండానే కూర్చున్నవాళ్లు, కూర్చోమన్నా కూర్చోనివాళ్లు అని మూడు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో రంగు అట్టముక్కలు పెట్టుకుంది. ఆ అట్టముక్కలు చెప్పుల డబ్బాల్లో సర్ది మా బీరువా మీద ఉంచేది.

థీసిస్‌కు గుండెకాయ మూడో అధ్యాయం. అది మొత్తం ఒక పాత నవలలోని ఒకే వాక్యం మీద నిలబడింది. పెద్దింట్లో పిల్లలకు చదువు చెప్పడానికి కుదిరిన పేదింటి పిల్ల మీద దొంగతనం మోపుతారు. ఇంటావిడ హాల్లోకి పిలిపించి అందరి ముందూ నిలదీస్తుంది. అప్పుడు ఆ పిల్ల, ఎవరూ కూర్చోమనకుండానే, కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఏటా ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే పెరిగేది. రిజ్వానా ఆ పాఠం బీఏ రెండో ఏడు నా నోటే విన్నది.

ఇక గడువు సంగతి. రిజిస్ట్రేషన్ అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటి లోపు థీసిస్ యూనివర్సిటీ ఆఫీసులో పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఐదేళ్ల పని చెత్తబుట్టలోకి పోతుంది. డాక్టరేట్ లేనివాళ్లను జూన్ నుంచి ఉద్యోగంలో ఉంచేది లేదని రేపల్లె కాలేజీ వాళ్లు కూడా చెప్పేశారు.

సోమవారం రిజ్వానా బాపట్ల వెళ్లింది. అక్కడ రిటైరైన ఒక మాస్టారి ఇంట్లో ఆ నవల ప్రామాణిక ప్రతి ఉంది. దాన్ని బట్టి పేజీ నంబర్లు వేస్తే చాలు, పని పూర్తయినట్టే. పదకొండు గంటలకు ఫోను వచ్చింది.

"మేడమ్, ఆ వాక్యం కనపడట్లేదండి."

"సరిగ్గా చూడమ్మా. నిలదీసే అధ్యాయం చివర ఉంటుంది."

"ఆ అధ్యాయం నాలుగుసార్లు చదివానండి. మాస్టారు కూడా చూశారు. ఆవిడ కూర్చోలేదు మేడమ్."

"కూర్చోకపోవడం ఏంటి?"

"కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడే ఉందండి. పదకొండు పేజీలు. అలాగే బయటికి వెళ్లిపోయింది."

బీరువా తీసి నా పుస్తకం బయటపెట్టాను. నేను బీఏ చదివేటప్పుడు కొన్నది. మరో రెండు పాఠ్యపుస్తకాలతో కలిపి బైండు చేయించినప్పుడు మొదటి పేజీ పోయింది. అప్పుడు తెలిసింది అనను. ఎప్పుడో తెలిసి, తర్వాత మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అది నాన్-డీటెయిల్డ్ పుస్తకం. అంటే పిల్లలు సొంతంగా చదువుకోవడానికి పెద్ద నవలను ఎవరో కుదించి రాసిచ్చిన ప్రతి. కుదించినాయనకు పదకొండు పేజీల ఓపిక లేదు. పేజీన్నరలో ముగించడానికి ఆ పిల్లను కూర్చోబెట్టేశాడు.

నేను ఆ నవల పూర్తిగా ఎన్నడూ చదవలేదు. చదవకుండానే ఇరవై ఆరు బ్యాచ్‌లకు గొంతు పెంచి చెప్పాను. నా శిష్యురాలు ఆ పుస్తకాన్ని అనుమానించలేదు. మేడమ్ ఇచ్చిన పుస్తకాన్ని మా దగ్గర ఎవరూ అనుమానించరు.

మధ్యాహ్నం మూడింటికి రిజ్వానా నేరుగా రైలు దిగి డిపార్ట్‌మెంటుకు వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, నేను పలికిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"వదిలెయ్. ఉన్నదున్నట్టు పంపించేద్దాం. అంత పాత నవల తీసి ఎవరు చూస్తారు? కాపీ కొట్టారా లేదా చూసే సాఫ్ట్‌వేర్‌కు ఇది పట్టుబడదు."

ఆ అమ్మాయి సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"నీ కోసమే చెబుతున్నా. నాలుగు రోజులే ఉన్నాయి" అన్నాను. నా కోసం కూడా అని ఆ పిల్లకు తెలుసు.

"ఆవిడ నిలబడే ఉంది మేడమ్" అంది రిజ్వానా, నెమ్మదిగా. "అందరూ కూర్చుని ఉంటే, పదకొండు పేజీలు నిలబడే ఉంది. నా డిగ్రీ కోసం ఆవిణ్ణి నేను కూర్చోబెట్టలేనండి."

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. అయినా దాని మీదే అరిచాను. "అయితే రిజిస్ట్రేషన్ పోగొట్టుకో!" అన్నాను. అది కళ్లు తుడుచుకుంది గానీ లేచి వెళ్లలేదు. కాసేపటికి నేనే చెప్పుల డబ్బాలు కిందికి దింపాను.

మంగళ, బుధవారాలు క్లాసులు వేరేవాళ్లకు అప్పజెప్పి ఇద్దరం కూర్చున్నాం. వాక్యాలు ఏరుకోవడానికి నేను ఆమెకు ఇచ్చిన పద్నాలుగు నవలల్లో ఐదు కుదించిన ప్రతులేనని తేలింది. అసలు నవలలు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. ఐదేళ్లలో ఒక్కసారి తెరిచి చూస్తే సరిపోయేది. ఆమె అట్టముక్క చదవడం, నేను కంప్యూటర్లో వెతకడం. "ఉంది" అన్నప్పుడల్లా ఊపిరి పీల్చుకునేవాళ్లం. "లేదు" అన్నప్పుడు ఆమె ఆ అట్టముక్కను బల్ల మీద బోర్లించేది. బుధవారం మధ్యాహ్నానికి బల్ల నిండిపోయింది.

"ఇక నా వల్ల కాదు మేడమ్" అని తల వాల్చేసింది.

బోర్లించినవి ఒక్కొక్కటే తిప్పి చూడసాగాను, వేరే పనేమీ తోచక. ఒక వితంతువు, ఒక గుమాస్తా, పొలం కౌలు అడగడానికి వచ్చిన ఒక ముసలాయన. అసలు పుస్తకాల్లో వీళ్లెవరూ కూర్చోరు. పేజీలకు పేజీలు నిలబడి మాట్లాడతారు, నిలబడి తిట్లు తింటారు. కుదించినవాళ్లు తొందరలో అందరినీ కూర్చోబెట్టేశారు.

"రిజ్వానా, లే. ఇటు చూడు. ఒకరిద్దరు కాదు, అందరినీ ఇలాగే చేశారు."

ఆ పిల్ల తల ఎత్తి చూసింది. బల్ల ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. బోర్లించినవన్నీ ఏరి ఒక కొత్త డబ్బాలో సర్దుకుంది. గురువారం సాయంత్రానికి మూడో అధ్యాయం మళ్లీ రాసేసింది. నిలబడాల్సిన మనుషులను మన చదువుల కోసం ఎవరు కూర్చోబెట్టారు, దానివల్ల మనం ఏం చదవకుండా పోయాం అన్నది ఆ అధ్యాయం. పాతదానికంటే చిన్నది. పాతదానికంటే మంచిదని గైడ్‌గా కాకుండా కూడా చెప్పగలను.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ప్రింటు షాపులో పేజీలు వస్తున్నాయి. ముందుమాట చివర ఒక వివరణ చేర్చింది. చేత్తో పట్టుకుని చదివాను. కొన్ని వాక్యాలను అసలు ప్రతులతో సరిచూసుకోకపోవడం పరిశోధకురాలి పొరపాటు అని ఉంది.

"ఇది మార్చు" అన్నాను.

"పొరపాటు నాదేగా మేడమ్. నేను చూసుకోవాల్సింది."

"పుస్తకం ఎవరిచ్చారు?"

"గురువు పేరు పెట్టి తప్పని ఎలా రాస్తానండి? మా నాన్నకు తెలిస్తే తిడతారు."

"మీ నాన్నతో నేను చెబుతా. గైడ్ ఇచ్చిన కుదించిన ప్రతుల వల్ల అని రాయి. రాయకపోతే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టను."

నిజంగానే అప్పటిదాకా పెట్టలేదు. ఇందులో ఉన్నది నాకు తెలిసినంతవరకు సరైన పరిశోధన అని గైడ్ రాసిచ్చే కాగితం అది. షాపాయన గోడ గడియారం కేసి చూసి, "అమ్మా, మీరిద్దరూ తేల్చుకుంటే బైండింగ్ మొదలెడతానండి" అన్నాడు. రిజ్వానా కంప్యూటరు ముందు కూర్చుని ఆ వాక్యం మార్చింది. అన్ని ప్రతుల్లోనూ ఆ పేజీ మళ్లీ తీయాల్సి వచ్చింది. ఒకసారి కాగితం ఇరుక్కుంది. షాపులోంచి బయటపడేసరికి రెండున్నర.

కారు మాట్లాడుకుని యూనివర్సిటీకి బయల్దేరాం. నందివెలుగు దగ్గర ధాన్యం ట్రాక్టరు ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. డ్రైవరు దిగి కేకలేశాడు. రిజ్వానా ఒళ్లో ఉన్న థీసిస్ ప్రతులను రెండు చేతులతో పట్టుకుని ఏదో చదువుకుంటోంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. నేను వాచీ చూడటం మానేశాను, చూస్తే భయమేస్తోంది.

ఆఫీసు మెట్లెక్కేసరికి నాలుగుకు పది నిమిషాలు. గుమాస్తా ఒక్కో ప్రతీ తిరగేసి, కళ్లజోడు పైకి జరిపాడు.

"సర్టిఫికెట్ మీద సంతకం లేదేంటండీ?"

"ఇప్పుడు పెడతానండి" అని ఆయన కౌంటరు మీదే పెట్టాను. ఆయన ముద్ర వేసి రసీదు చేతికిచ్చాక రిజ్వానా గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను కూడా.

అంతటితో అయిపోలేదు. వేసవిలో వైవా జరిగింది. వైవా అంటే బయటి యూనివర్సిటీ ఆచార్యులొకరు వచ్చి, అందరి ఎదుటా ప్రశ్నలు వేసి, డిగ్రీ ఇవ్వచ్చో లేదో తేల్చే పరీక్ష. వచ్చినాయన మిగతా అధ్యాయాలు వదిలేసి, నేరుగా ముందుమాట తెరిచి ఆ వివరణ పైకి చదివాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గైడ్ మీరేనా అండి? ఈ పాఠం ఎన్నేళ్లు చెప్పారు?"

"ఇరవై ఆరేళ్లండి."

"అసలు నవల చదవకుండానే?"

"చదవకుండానేనండి."

హాల్లో మా తోటి లెక్చరర్లు ఉన్నారు, నా విద్యార్థులు ఉన్నారు. ఆయన కలం పక్కనపెట్టి రిజ్వానాను అడిగాడు. "తప్పు పుస్తకం మీద మీ ఐదేళ్లు పోయాయి. మీ పరిశోధన పుట్టిందే లేని వాక్యం మీద. దీనికేమంటారమ్మా?"

డిగ్రీ ఆ జవాబు మీదే ఉందని హాల్లో అందరికీ అర్థమైంది. రిజ్వానా పోడియం అంచు పట్టుకుంది.

"సార్, నేను రేపల్లెలో ఉద్యోగానికి వెళ్లిన రోజు ఆఫీసు గదిలో నలుగురు కూర్చుని ఉన్నారండి. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. నన్ను కూర్చోమనలేదు. అరగంట నా సర్టిఫికెట్లు తిరగేస్తూ, మీ వాళ్లకి ఇంగ్లిషు ఎలా వచ్చింది అని అడుగుతున్నారు. అప్పుడు మేడమ్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నా. కూర్చున్నాకే నాకు మాట వచ్చింది." ఎదురుగా ఉన్న థీసిస్ మీద చెయ్యి వేసింది. "నవల్లో ఆవిడ కూర్చోలేదు సార్. ఆ తప్పు ఎక్కడెక్కడ ఉందో థీసిస్‌లో రాశాను. కానీ నేను కూర్చున్నానండి."

ఆయన ఫైలు ముందుకు లాక్కుని సంతకం చేశాడు.

చదవని పుస్తకం పాఠం చెప్పకూడదని నేర్చుకున్నాను. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి ఇరవై ఆరేళ్లు పట్టినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ నవల ఇప్పుడు రెండుసార్లు పూర్తిగా చదివాను. క్లాసులో ఆ పేజీ వచ్చినప్పుడు పిల్లలకు రెండూ చెబుతున్నాను. నవల్లో ఆవిడ చివరిదాకా నిలబడిందని, రేపల్లెలో ఒకమ్మాయి కూర్చుందని.