అకబాలో మేనత్త

ముంజిర్ గారి చేతిలో ఎవరూ చావరు. అలాగని ఆయన డాక్టరు కాదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో జపాను బొమ్మల సినిమాలకు అరబ్బీ మాటలు రాసి, దగ్గరుండి డబ్బింగు చెప్పించే పెద్దమనిషి. తెరమీద ఎవడు రైలు కింద పడ్డా, కొండమీంచి జారినా, ఆయన మాటల్లో మాత్రం మేనత్తను చూడ్డానికి సముద్రపొడ్డునున్న అకబా వెళ్ళిపోతాడు.

ఎనభై రెండులో వాళ్ళ స్టూడియోకు పంట పండింది. ఒక్క ఏడాదిలో పదకొండు సీరియళ్ళు వచ్చిపడ్డాయి. జపాను వాళ్ళకేమో కథకో చావు లేకపోతే తోచదాయె. ఏప్రిల్ నాటికి ఇరవై ముగ్గురు మనుషులు, ఒక ఏనుగు, ఓ బాతుల సంసారం అకబా చేరుకున్నాయి.

"ఇంతమందికి వండిపెట్టలేక ఆ మేనత్తే పోతుంది," అన్నాడు సౌండు చూసే ఫౌజాన్.

"పోదు. ఆవిడ గట్టిది," అన్నారు ముంజిర్ గారు, తల ఎత్తకుండానే.

అసలు అవస్థంతా రగీదాది. మగపిల్లల గొంతులన్నీ ఆవిడే చెప్పాలి.

"ఉస్తాద్, వీడు నోరు రెండుసార్లే తెరిచాడు. మీరు పన్నెండు మాటలు రాశారు."

"గబగబా చెప్పేయ్."

"సమాధి దగ్గర నిలబడి ఏడుస్తున్నాడండీ."

"సమాధని ఎవరన్నారు? అది ఊరి పొలిమేర రాయి. ఎండకు వాడి కళ్ళు మండుతున్నాయి."

"మంచు కురుస్తోంది, చూడండి."

"అయితే జలుబు చేసింది. కానీయ్."

ఆ జనవరిలోనే రగీదా వాళ్ళమ్మ పోయింది. మూడు రోజుల పరామర్శలూ తమ్ముడింట్లో జరిపించి ఇంటికొచ్చేసరికి, ఆరేళ్ళ కూతురు జుమానా గుమ్మంలోనే పట్టుకుంది. "అమ్మమ్మేది?" రోజూ చెప్పి చెప్పి అలవాటైన నోరు కదా, ఒక్క గుక్కలో అనేసింది: అకబా వెళ్ళిందని.

ఇక అప్పట్నుంచి నరకమే. ఊరెళ్ళిన మనిషి కోసం ఇంట్లో ఏడవడానికి లేదు, ఫొటో పెట్టుకోవడానికి లేదు. పిల్ల రోజూ ఎప్పుడొస్తుందని అడుగుతుంది. రగీదాకేమో వంటింట్లోంచి అమ్మ కేకేస్తే వినాలని ఒకటే బెంగ. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది పాపం.

మే నెలలో ఓ రోజు కాగితాలు బల్లమీద పడేసింది. "మీ అకబా మీ దగ్గరే పెట్టుకోండి ఉస్తాద్. నాలుగు నెలలైంది. నా ఇంట్లో మా అమ్మ కోసం నేను ఏడవలేకపోతున్నాను."

ముంజిర్ గారు కలం మూత పెట్టారు. "నాకు ఏడేళ్ళప్పుడు భోజనం దగ్గర చెప్పారమ్మా, మా అమ్మ పోయిందని. చెప్పినాయన చెప్పేసి వెళ్ళిపోయాడు. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మన బొమ్మలు చూసే పిల్లలు బడి నుంచొచ్చి ఒక్కళ్ళే టీవీ ముందు కూర్చుంటారు. పక్కన ఎవరూ లేనప్పుడు అలాంటి కబురు నా నోటితో చెప్పలేను." కుర్చీలోంచి లేచారు. "నీ పిల్ల పక్కన నువ్వున్నావుగా. పద, నేనూ వస్తాను."

దారిలో కునాఫా మిఠాయి కొన్నారు. జుమానాను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. పదకొండు సీరియళ్ళకు మాటలు రాసిన మనిషికి ఒక్క మాటా పెగల్లేదు. చివరికి రగీదాయే చెప్పింది. "అమ్మమ్మ చనిపోయిందమ్మా."

"తెలుసు," అంది జుమానా. "కళ్ళజోడు బీరువాలోనే ఉందిగా. అది లేకుండా అమ్మమ్మ వీధి చివరిదాకా కూడా వెళ్ళదు."

"మరి రోజూ ఎప్పుడొస్తుందని అడుగుతావేమే?"

"నేను అడక్కపోతే నువ్వసలు అమ్మమ్మ మాటే ఎత్తవుగా."

రగీదా నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. పిల్ల కాసేపు చూసి, లేచి నడుం మీద చేతులు పెట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు బొంగురు చేసింది.

"ఒసే రగీదా, పొయ్యిమీద పప్పు మాడుతోంది, ఎక్కడున్నావే?"

అచ్చం అమ్మే. రగీదా కళ్ళు తుడుచుకోకుండానే లేచింది.

"ఇదిగో, వస్తున్నానమ్మా."