దగ్గు చాటున పోయిన మందు పేరు

1999 జూన్‌లో మాదాపూర్‌లోని ఒక మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ కంపెనీలో ఎడిటర్‌గా చేరాను. అమెరికా డాక్టర్లు రోగుల వివరాలు చెప్పి రికార్డు చేసి పంపుతారు. ట్రాన్‌స్క్రిప్షనిస్టు విని టైపు చేస్తే, ఎడిటర్ మళ్లీ విని దిద్దాలి.

మధ్యాహ్నాలు ఆ హాలు నిద్రలో నడుస్తున్నట్టుండేది. కిటికీ అవతల బండరాళ్ల మీద ఎండ. చెవుల్లో, రికార్డుల వెనక, మేం చూడని ఊళ్ల వాన. ఒక ముసలి డాక్టరు వాక్యం మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేవారు. ఆయన ఆగితే మా వేళ్లూ ఆగేవి.

నెట్ ఉన్న కంప్యూటరు హాలంతటికీ ఒక్కటే. మందు పేరు అనుమానంగా ఉంటే, సెర్చ్ ఇంజన్‌లో తోచిన స్పెల్లింగులన్నీ కొట్టి చూసేవాళ్లం. పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగేది. ఎక్కువ పేజీల్లో కనిపించిందే సరైనదని మా నమ్మకం.

ఒకరోజు జనగామ నుంచి వచ్చిన ట్రైనీ సుజాత నన్ను పిలిచింది. ఫైల్లో ఆ ముసలి డాక్టరే. సరిగ్గా మందు పేరు దగ్గర ఆయనకు దగ్గొచ్చింది. సుజాత 'హైడ్రాలజీన్' అని టైపు చేసింది.

"సెర్చ్‌ల మస్తు పేజీలొచ్చినయ్ మేడమ్. స్పెల్లింగ్ కరెక్టే. పంపాల్నా?"

వాటిలో ఒక పేజీ తెరిచి చదివాను. అది బీపీ మందు. ఫైల్లోని రోగి ఒక పెద్దావిడ, ఆమె బాధ ఒళ్లంతా దురద. దురదకు వాడే హైడ్రాక్సిజీన్ కొట్టి చూస్తే దానికీ బోలెడు పేజీలు.

"గదే అయ్యుంటది మేడమ్, రాసేస్తా," అంది సుజాత. నాకూ అదే అనిపించింది. వినపడని చోట ఖాళీ వదిలి డాక్టరును అడగాలన్నది నియమం. కానీ ఖాళీ వదిలితే ట్రైనీకి మార్కులు తగ్గుతాయి. ఆ వారమే ఆమె ఉద్యోగం ఖాయం కావాలి.

ఒకే హెడ్‌ఫోన్ చెరో చెవికి ఆనించుకుని మళ్లీ విన్నాం. వాన, దగ్గు, చివర 'ఈన్' అన్న చిన్న ధ్వని, మళ్లీ వాన. సుజాత ఆ ముక్కనే ఇంకో రెండుసార్లు వెనక్కి తిప్పి వింది.

"ఇనొస్తలేదు మేడమ్. ఖాళీనే పెడ్తా."

మర్నాడు జవాబొచ్చింది: సైప్రోహెప్టడీన్. మా ఇద్దరి ఊహకూ అందని మూడో మందు. ఆ ఖాళీ వల్ల సుజాత ఉద్యోగం ఖాయం కావడం ఒక నెల వెనక్కి జరిగింది.

ఒక మాటను ఎలా రాస్తారో సెర్చ్ ఇంజన్ చెబుతుంది. డాక్టరు అన్నది ఆ మాటేనా అన్నది చెప్పదు. రిటైరయ్యేదాకా కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పింది, ఖాళీ వదలడమే.